స్టాంపింగ్ ప్రయాణంలో విహారం: వెళ్లేటప్పుడా, వచ్చేటప్పుడా?

ఈసారి ‘ప్రయాణ సందేహాలు’ శీర్షికకు అందిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. అమెరికా వీసా పునరుద్ధరణకు, అంటే పాస్‌పోర్టులో కొత్త వీసా వేయించుకునే ‘స్టాంపింగ్’కు చేసే ప్రయాణంలోనే నాలుగు రోజులు మరో ఊరు చూడవచ్చా అన్నది ఆ విషయం. అందుకే మూడింటికీ ఒకేచోట సమాధానం ఇస్తున్నాం.

ప్రశ్న (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా): నేను నిపుణులైన విదేశీ ఉద్యోగులకిచ్చే హెచ్-1బి వీసా మీద అమెరికాలో పనిచేస్తున్నాను. పిటిషన్ పొడిగింపు ఆమోదం పొంది ఐ-797 ఆమోదపత్రం చేతికి వచ్చింది కానీ, పాస్‌పోర్టులోని వీసా గడువు తీరి చాలా రోజులైంది. నా భార్యది హెచ్-1బి వారి కుటుంబసభ్యులకిచ్చే హెచ్-4, ఆమె వీసా గడువు కూడా ముగిసింది. ఆరేళ్ల మా పాప ఇక్కడే పుట్టింది. హైదరాబాద్‌లో స్టాంపింగ్‌కు స్లాట్ దొరికింది. ఎలాగూ ముగ్గురికీ టికెట్లు కొంటున్నాం కనుక, వెళ్లేటప్పుడు సింగపూర్‌లో మూడు నాలుగు రోజులు ఆగి, జెట్‌లాగ్ తీరాక ఇంటికి చేరితే బాగుంటుందని మా ఆలోచన. భారతీయులకు అక్కడ 96 గంటలపాటు వీసా అక్కర్లేదని మిత్రులు చెప్పారు. ఇది సరైన పథకమేనా?

సమాధానం: ఊరి ఎంపిక బాగుంది, ఆగదలచిన వైపే సరికాదు. మీ మిత్రులు చెప్పిన 96 గంటల సదుపాయం నిజమే కానీ అది భారతీయ పాస్‌పోర్టు ఉన్న ప్రతివారికీ వర్తించేది కాదు. మూడో దేశానికి వెళుతూనో అక్కడి నుంచి వస్తూనో సింగపూర్ మీదుగా ప్రయాణించేవారికి, అమెరికా, కెనడా, బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా వంటి కొన్ని దేశాల చెల్లుబాటు వీసా ఉండి, సింగపూర్‌లో దిగిన రోజు నుంచి దానికి కనీసం ఒక నెల గడువు మిగిలి ఉంటేనే అది వర్తిస్తుంది. 96 గంటల్లోపు బయలుదేరే టికెట్ కూడా ఖరారై ఉండాలి. మీ వీసా గడువు తీరిపోయింది కనుక, వెళ్లేటప్పుడు మీకూ మీ భార్యకూ ఈ సదుపాయం ఉండదు. ఐ-797 అన్నది అమెరికాలో మీ ఉద్యోగ హోదాకు ఆమోదపత్రమే తప్ప వీసా కాదు, దాన్ని చూపించి మరో దేశంలో అడుగుపెట్టలేరు. ముందుగానే విడిగా సింగపూర్ వీసా తీసుకుంటే వెళ్లేటప్పుడు కూడా ఆగవచ్చు, అయితే ఆ ఖర్చూ శ్రమా మీకు అవసరం లేదు.

ఎందుకంటే తిరుగు ప్రయాణంలో ఇదంతా తారుమారవుతుంది. హైదరాబాద్‌లో కొత్త వీసా పడిన పాస్‌పోర్టు చేతికి వచ్చిందంటే, అదే వీసా సింగపూర్ తలుపు కూడా తెరుస్తుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్‌కు నేరుగా విమానాలున్నాయి, అక్కడి నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు కూడా మధ్యలో ఎక్కడా దిగకుండా వెళ్లవచ్చు. అందుచేత మీ విహారం ఉండవలసిన చోటు స్టాంపింగ్ తర్వాతే.

వెళ్లేటప్పుడు విమానం ఎక్కడ మారుతున్నారన్నది కూడా ఇదే సందర్భంలో చూసుకోండి. గడువు తీరిన అమెరికా వీసాతో లండన్ మీదుగా టికెట్ కొని, బయలుదేరే రోజున కౌంటర్ దగ్గర ఆగిపోయిన కుటుంబాల గురించి మీరు వినే ఉంటారు. భారతీయులు లండన్‌లో విమానాశ్రయం దాటకుండా విమానం మారాలన్నా ట్రాన్సిట్ వీసా ఉండాలి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా వంటివి ఉన్నవారికి దాని నుంచి మినహాయింపు ఉంది. యూరప్‌లోని ఇతర నగరాల మీదుగా వెళ్లదలిస్తే ఆయా దేశాల నిబంధన టికెట్ కొనకముందే చూడాలి. నేరుగా వెళ్లే విమానమో, గల్ఫ్ లేదా ఆసియా నగరంలో విమానాశ్రయంలోనే ఉండి మారే విమానమో మీకు క్షేమం.

ఇక అసలు కష్టం తేదీల దగ్గర వస్తుంది. ఒకప్పుడు ఇంటర్వ్యూ లేకుండానే డ్రాప్‌బాక్స్‌లో కాగితాలు వేసి, వారం పది రోజుల్లో పాస్‌పోర్టు తీసుకుని వెళ్లిపోయేవారు. ఆ అలవాటుతో లెక్కలు వేసుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. 2025 సెప్టెంబరు 2 నుంచి హెచ్ వీసాల వారికి ఇంటర్వ్యూ మినహాయింపు దాదాపుగా పోయింది. ఆ తర్వాత 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారులందరి సోషల్ మీడియా ఖాతాలనూ పరిశీలించడం మొదలైంది. ఆ నెల రెండో సగంలో ఇంటర్వ్యూలు ఉన్న అనేకమందికి తేదీలు 2026 మార్చికో ఆ తర్వాతకో జరిగిపోయాయి. అప్పటికే సెలవు పెట్టి ఇండియా చేరుకున్నవారు, ఇక్కడ ఇంటి అద్దె, కారు వాయిదాలు కడుతూ అక్కడ నెలల తరబడి ఉండిపోవలసి వచ్చింది. ఇంటర్వ్యూ సజావుగా జరిగినా 221(జి) కాగితం చేతిలో పెట్టి, మరికొంత పరిశీలన ఉందని చెప్పే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఆ పరిశీలన ఎన్నాళ్లన్నది ఎవరూ చెప్పలేరు.

ఇంత అనిశ్చితిలో సింగపూర్ హోటల్‌కు, పిల్లల కోసం జంతు ప్రదర్శనశాలకు డబ్బు వెనక్కి రాని పద్ధతిలో ముందే చెల్లించడం, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే అవుతుంది. తిరుగు ప్రయాణాన్ని హైదరాబాద్, సింగపూర్, శాన్ ఫ్రాన్సిస్కో ఒకే టికెట్‌లో ఉండేలా, సింగపూర్‌లో మూడు రోజుల విరామం పెట్టి, తేదీ మార్చుకునే వీలున్న ధరకు కొనండి. అది కొంచెం ఎక్కువే అవుతుంది, అయినా ఆ తేడా భరించడమే మేలు. హైదరాబాద్ నుంచి సింగపూర్‌కు ఒక చౌక విమానం, అక్కడి నుంచి మరో సంస్థ విమానం విడివిడిగా కొంటే, ఒక తేదీ మారినప్పుడు రెండో టికెట్ వృథా అవుతుంది. పైగా అమెరికా టికెట్‌కు పెట్టెల లెక్క, చౌక విమానానికి కిలోల లెక్క ఉంటాయి కాబట్టి సామాను దగ్గర కూడా చిక్కే. హోటల్‌ను మాత్రం చివరి రోజుల వరకూ ఉచితంగా రద్దు చేసుకునే పద్ధతిలో తీసుకోండి. ఇవేవీ వద్దనుకుంటే, పాస్‌పోర్టులు చేతికి వచ్చిన రోజునే తిరుగు టికెట్ కొనడం మరీ నిశ్చింత.

మీ కుటుంబం విషయంలో ఇంకో చిక్కుంది. మీ ఇద్దరి వీసాలూ విడివిడి దరఖాస్తులే. మీది మంజూరై మీ భార్యది పరిశీలనలో ఉండిపోవచ్చు, లేదా అందుకు విరుద్ధంగా జరగవచ్చు. సింగపూర్ సదుపాయం కూడా ఎవరి పాస్‌పోర్టులో వీసా ఉంటే వారికే. కాబట్టి రెండు పాస్‌పోర్టులూ వచ్చేదాకా సింగపూర్ మాట పాపకు చెప్పకండి. పాప అమెరికా పౌరురాలు కనుక ఆమెకు సింగపూర్‌లో వీసా అవసరం లేదు, ఇండియాకు మాత్రం ఓసీఐ కార్డో ఈ-వీసానో ఉండాలి. పదహారేళ్లలోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టు అయిదేళ్లకే ముగుస్తుందని చాలామంది తల్లిదండ్రులు మరచిపోతుంటారు. పాపకు ఆరేళ్లంటున్నారు కనుక, పుట్టినప్పుడు తీసుకున్నదే ఇంకా ఉంటే దాని గడువు ఈపాటికే తీరి ఉంటుంది, వెంటనే చూడండి.

సింగపూర్‌లో దిగే ముందు మూడు రోజుల లోపల ముగ్గురికీ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైట్లు కూడా ఉన్నాయి, అవి ప్రభుత్వానివి కావు.

సామాను గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. విరామం పెట్టుకున్నప్పుడు పెట్టెలు సింగపూర్‌లోనే మీ చేతికి వస్తాయి, మీరు వాటితో అక్కడి కస్టమ్స్ దాటాలి. హైదరాబాద్ నుంచి బయలుదేరే పెట్టెలో ఏముంటుందో మన పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. ఆవకాయ, కారప్పొడి, సున్నుండలతో పేచీ లేదు. మాంసం పచ్చళ్లను అటు సింగపూర్‌లోనూ ఇటు అమెరికాలోనూ ఆపుతారు. చాలామందికి తెలియనిది గసగసాల సంగతి. మన వంటింట్లో మసాలా దినుసుగా ఉండే గసగసాలు సింగపూర్‌లో నార్కోటిక్స్ విభాగం నిషేధించిన వస్తువు. కుర్మాకని అమ్మ చిన్న పొట్లం కట్టి, ధనియాల పొడికీ ఎండుమిరపకాయలకూ మధ్య దోపి ఉంటుంది. పెట్టెలు మూసేముందు ఆ పొట్లాన్ని వెతికి తీసేయండి. ఇంట్లో కలిపిన గరం మసాలాలో గసగసాలున్నాయేమో కూడా అడగండి. ఎలక్ట్రానిక్ సిగరెట్లు, చూయింగ్ గమ్ కూడా అక్కడ కుదరవు.

సింగపూర్‌లో మూడు రోజులు ఆరేళ్ల పాపతో ఎలా గడపాలన్నది మీరు అడగలేదు గానీ ఒక్క మాట. జాబితా పట్టుకుని తిరగకండి. అక్కడ వేడీ ఉక్కా మధ్యాహ్నానికి పెద్దవాళ్లనే కూలదోస్తాయి. ఉదయం బొటానిక్ గార్డెన్స్, మధ్యాహ్నం గదిలో నిద్ర, సాయంత్రం గార్డెన్స్ బై ద బే అనుకుంటే ఒక రోజు నిండుతుంది. మరో రోజు మండాయ్‌లోని నైట్ సఫారీకో పక్షుల పార్కుకో కేటాయించండి. చాంగీ విమానాశ్రయంలో జ్యూయెల్ భవనంలోని 40 మీటర్ల జలపాతాన్ని చివరి రోజు విమానానికి ముందు చూస్తే సరిపోతుంది. మెట్రోలో మీ బ్యాంకు కార్డునే తాకించి ఎక్కవచ్చు. భోజనానికి సెరంగూన్ రోడ్డు చుట్టుపక్కల లిటిల్ ఇండియా ఉండనే ఉంది. హైదరాబాద్‌తో సమయంలో తేడా రెండున్నర గంటలే కాబట్టి అక్కడ జెట్‌లాగ్ ఉండదు, కాలిఫోర్నియా చేరాకే ఉంటుంది. దిగిన మర్నాడే ఆఫీసుకూ బడికీ పరుగెత్తకుండా శుక్రవారమో శనివారమో ఇల్లు చేరేలా చూసుకోండి.

స్టాంపింగ్ అయితే చిలుకూరు బాలాజీకి 108 ప్రదక్షిణలు చేస్తానని మొక్కుకున్నవారు దానికి ఒక పూట విడిగా పెట్టుకోవాలని కూడా గుర్తుచేస్తున్నాం. సింగపూర్ విమానం ఎక్కే రోజున అది కుదిరే పని కాదు.

అమెరికాలో దిగాక మీ ఐ-94 (అక్కడ ఎప్పటిదాకా ఉండవచ్చో తెలిపే రికార్డు) తేదీని కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వెబ్‌సైట్‌లో ఆ వారమే చూసుకోండి. పిటిషన్ 2028 దాకా ఉన్నా, మీ భారతీయ పాస్‌పోర్టు 2027లో ముగిసేలా ఉంటే ఐ-94ను పాస్‌పోర్టు తేదీ వరకే ఇవ్వవచ్చు. అప్పుడు మీరు ఉండగలిగేది ఆ తేదీ దాకానే. పాస్‌పోర్టుకు గడువు తక్కువగా ఉంటే ప్రయాణానికి ముందే కొత్తది తీసుకోవడం మంచిది. హెచ్-1బి పిటిషన్లపై 2025 సెప్టెంబరులో ప్రకటించిన లక్ష డాలర్ల రుసుము గురించి మీరు భయపడనక్కర్లేదు. అమెరికాలో ఉండగానే ఆమోదం పొందిన పొడిగింపు మీద బయటికి వెళ్లి వీసా తీసుకుని వచ్చేవారికి అది వర్తించదని ఇమిగ్రేషన్ శాఖ అదే ఏడాది అక్టోబరులో స్పష్టం చేసింది.

ప్రశ్న (డాలస్, టెక్సస్): నా హెచ్-1బి వీసా గడువు తీరింది, పొడిగింపు ఆమోదం ఉంది. ఇండియా వెళ్లేంత సెలవు లేదు. మెక్సికోలోని కాంకూన్‌కు నాలుగు రోజులు వెళ్లి, వీలైతే అక్కడి కాన్సులేట్‌లోనే స్టాంపింగ్ కూడా చేయించుకుందామనుకుంటున్నాను. అసలు స్టాంపింగ్ లేకుండానే తిరిగి రావచ్చని మరొకరంటున్నారు. ఏది నిజం?

సమాధానం: రెండో మాట నిజం, మొదటిదాన్ని దానితో కలపడం ప్రమాదం. కెనడాకో మెక్సికోకో మాత్రమే వెళ్లి 30 రోజుల్లోపు తిరిగివచ్చే హెచ్-1బి ఉద్యోగి, చెల్లుబాటయ్యే ఐ-94 ఉంటే, గడువు తీరిన వీసాతోనే తిరిగి అడుగుపెట్టేందుకు నిబంధన ఉంది. దీన్ని ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. మీ ఐ-797 కాగితం అడుగుభాగంలో చింపుకునేందుకు వీలుగా ఉండే ఐ-94 ముక్క ఇక్కడ పనికివచ్చేది. ఆ కాగితం అసలు ప్రతినే వెంట ఉంచుకోండి. విద్యార్థి వీసా మీద వచ్చి ఇక్కడే హెచ్-1బికి మారినవారికి కూడా ఈ సదుపాయం ఉంది.

కానీ ఆ నాలుగు రోజుల్లో అక్కడి అమెరికా కాన్సులేట్‌లో వీసాకు దరఖాస్తు చేశారంటే ఈ సదుపాయం పోతుంది. దరఖాస్తు పరిశీలనలో ఉండిపోతే మీరు డాలస్‌కు తిరిగిరాలేరు. కాంకూన్ నుంచి నేరుగా ఇండియాకే వెళ్లవలసివస్తుంది. పైగా 2025 సెప్టెంబరు నుంచి అమెరికా విదేశాంగ శాఖ, తాత్కాలిక వీసాల దరఖాస్తుదారులు తమ పౌరసత్వ దేశంలోనో నివాస దేశంలోనో దరఖాస్తు చేయాలంటోంది. ఒకప్పుడు మనవాళ్లు మెక్సికో సరిహద్దు పట్టణాలకు వెళ్లి స్టాంపింగ్ ముగించుకుని వచ్చిన రోజులు పోయాయి. కాంకూన్‌ను విహారానికే పరిమితం చేయండి.

దానికి కూడా ఇంకో గడప దాటాలి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్న భారతీయుడికి మెక్సికో వీసా అక్కర్లేదు. మీ వీసా గడువు తీరిపోయింది కనుక డాలస్‌లోని మెక్సికో కాన్సులేట్‌లో ముందే వీసా తీసుకోవాలి. కెనడా అయితే భారతీయులకు ఎలాగూ విజిటర్ వీసా తప్పనిసరి. తిరిగి వచ్చేటప్పుడు విమాన సంస్థ కౌంటర్‌లోని ఉద్యోగికి ఈ నిబంధన తెలియకపోవచ్చు. కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వెబ్‌సైట్‌లోని ఆ పేజీని ముద్రించి చేతిలో ఉంచుకుంటే వాదన తగ్గుతుంది.

ఓడ ప్రయాణాల గురించి కూడా హెచ్చరించాలి. మెక్సికోతోపాటు బహామాస్‌లోనో జమైకాలోనో ఆగే క్రూయిజ్‌లు చౌకగా కనిపిస్తాయి. ఆ దీవులకు వెళ్లివచ్చే వెసులుబాటు ఎఫ్, జె వీసాల విద్యార్థులకు, పరిశోధకులకే ఉంది, హెచ్-1బి వారికి లేదు. మీ మిత్రుడు చదువుకునే రోజుల్లో అలా వెళ్లివచ్చి ఉంటే ఆ అనుభవం మీకు వర్తించదు.

ప్రశ్న (గుంటూరు): మా అమ్మాయి అట్లాంటాలో ఉద్యోగం చేస్తోంది, స్టాంపింగ్‌కు హైదరాబాద్ వస్తోంది. ఇంటర్వ్యూ అయ్యాక పాస్‌పోర్టు వచ్చేలోగా ఎటూ ఖాళీయే కదా, ఆ వారంలో అందరం కలిసి మలేషియా చూసి వద్దామని మావారు ఉబలాటపడుతున్నారు. మా ఇద్దరికీ అరవై దాటాయి, ఇంతవరకూ దేశం దాటలేదు. వెళ్లవచ్చునా?

సమాధానం: అమ్మా, ఇంటర్వ్యూలో వీసా మంజూరైతే అమ్మాయి పాస్‌పోర్టును కాన్సులేట్ వారే ఉంచుకుంటారు. వీసా అంటించి తిరిగి పంపేదాకా ఆమె దేశం దాటలేదు. కాబట్టి మీవారు అనుకున్న ఆ వారం మాత్రం కుదరదు. ఇంటర్వ్యూకు ముందు వెళదామని కూడా అనుకోకండి. విమానం ఒక్క రోజు ఆలస్యమైనా, జ్వరం వచ్చినా, నెలల తరబడి ఎదురుచూసి సంపాదించిన స్లాట్ చేజారుతుంది. ఆ ఖాళీ వారంలో అరకు వెళ్లండి, హంపి వెళ్లండి. దేశంలో తిరగడానికి ఆమెకు ఆధార్ ఉంటే చాలు.

పాస్‌పోర్టు వచ్చాక ఆమెకు సెలవు మిగిలితే అప్పుడు నాలుగు రోజులు మలేషియా పెట్టుకోండి. భారతీయులు 30 రోజుల దాకా వీసా లేకుండా వెళ్లే వెసులుబాటును ఆ దేశం 2026 డిసెంబరు 31 వరకు పొడిగించింది. మీ పాస్‌పోర్టులకు ఆరు నెలలకు తక్కువ కాకుండా గడువు ఉండాలి, అక్కడ దిగే ముందు మూడు రోజుల లోపల డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. మీ ఇద్దరికీ ఇప్పటిదాకా పాస్‌పోర్టులే లేకపోతే ఈ రోజే దరఖాస్తు చేయించండి, పోలీసు విచారణకు పట్టే రోజులు మీ చేతిలో ఉండవు. ఒకవేళ అమ్మాయి పాస్‌పోర్టు ఆలస్యమైతే మీరిద్దరే వెళ్లివచ్చినా తప్పు లేదు. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్‌కు నేరుగా విమానం ఉంది. బతు గుహల్లో సుబ్రహ్మణ్యస్వామిని చూడాలంటే 272 మెట్లు ఎక్కాలి కనుక, ఆ ఒక్కటి ఉదయం ఎండెక్కకముందే పెట్టుకోండి. మోకాళ్లు సహకరించకపోతే మెట్ల కిందనుంచే కనిపించే పెద్ద విగ్రహానికి దండం పెట్టుకుని, మీవారిని ఒక్కరినే పైకి పంపండి.